‘గాడిద’ అన్నారు, ‘ఆయన’ అన్నారు

తూర్పుకొండల మీద ఎవరో కుంకుమ బరిణె ఒలకబోసినట్టు తెల్లవారింది. ఆ ఎరుపు ధవళానది అలల మీదుగా పాకి వచ్చి, ఇసుకతిన్నెలను ముద్దాడి, కలహంసపురి కోట బురుజుల మీది నూటపదహారు బంగారు కలశాలను ఒక్కొక్కటిగా వెలిగించింది. మూడేళ్ల యుద్ధంలో కోటగోడలు సగం కూలాయి. ఏనుగులశాలలో ఏనుగులకంటే పావురాలే ఎక్కువయ్యాయి. అయినా ధీరసింహ మహారాజు కలశాలను రోజూ తోమించడం మాత్రం మానలేదు. అవతలి ఒడ్డు నుంచి శత్రువు చూస్తాడు కదా!

అవతలి ఒడ్డున, కారుమబ్బు గడ్డకట్టి నిలిచినట్టుండే నల్లరాతి కోట గండశిల. ఏటేటా నడి ఇసుకతిన్నె మీద జరిగే పశువుల సంతలో ఏ రాజు ఎద్దు ముందు నీళ్లు తాగాలన్న తగాదాతో ఈ రెండు రాజ్యాలకూ యుద్ధం మొదలైంది. ఎద్దులు రెండూ ఎప్పుడో ముసలివై పోయాయి. యుద్ధం మాత్రం పడుచుగానే ఉంది.

పొద్దు పొడవగానే గండశిల బురుజు మీద పద్నాలుగు మంది బంట్లు తాటిచెట్టంత కంచుబూరను భుజాలకెత్తుకున్నారు. దాని పేరు కంచుగొంతు. చాటింపువాడు దాని మొదట్లో నోరు పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“కలహంసపురి జనులారా, వినండహో! మీ రాజు గాడిద! ఆయన చెవులు మూరెడు, ఆయన తెలివి బెత్తెడు! చెడ్డ మంత్రులు ఎత్తిన మూటలన్నీ మోసే గాడిద! మీ కోట తలుపులు బద్దలు కొడతాం! ఇసుకతిన్నె మీద మళ్లీ సంతే గనక జరిగితే మీ బక్క ఎద్దులను కొనే దిక్కుండదు హో!”

ఇవతలి బురుజు మీద మహారాజు పళ్లు పటపట కొరికాడు. మంత్రులు తలలు దించుకున్నారు. ఒక్కడు మాత్రం పొట్ట పట్టుకుని పకపకా నవ్వి, అంతటితో ఆగక ఒక గంతు కూడా వేశాడు.

అతడు తిప్పన. యుద్ధానికి ముందు పశువుల సంతలో బేరాలు కుదిర్చే దళారి. నూరు ఎద్దుల మెడగంటలు మోగుతున్నా, నాలుగో చింత కింద ఎవడో గొణిగిన ధర అతడి చెవిని దాటిపోయేది కాదు. సంత ఆగిపోయి వీధిన పడితే, ఆ చెవుల కోసమే మహారాజు అతణ్ణి కొలువులో పెట్టుకున్నాడు. రోజూ శత్రువు తిట్లు విని, పొల్లుపోకుండా గుర్తుంచుకోవడం అతడి పని.

“ఏమిరా తిప్పనా! నన్ను గాడిద అంటే నీకంత నవ్వొచ్చిందా? నీ తల మెడ మీద బరువైందా?” అని గర్జించాడు మహారాజు.

“తల తర్వాత తీయించండి మారాజా! ముందు శుభవార్త వినండి. వాళ్లు తమర్ని ‘ఆయన’ అన్నారు!”

“గాడిద అన్నారు కదరా!”

“గాడిదకేం మారాజా, అది రోజూ ఉండేదే. తొలి ఏడాది ‘మీ రాజు కుక్క, వాడి తోక వంకర’ అన్నారు. పోయిన కార్తీకం నుంచి ‘మీ రాజు నక్క, అతడి బుద్ధి వంకర’ అన్నారు. వాడు పోయి అతడు వచ్చాడు. ఇవాళ అతడు పోయి ఆయన వచ్చారు!”

ఆస్థాన తిట్టుపండితుడు కఠోరభట్టు ముక్కు ఎగబీల్చాడు. ఈ ఒడ్డు నుంచి వెళ్లే తిట్లన్నీ ఆయన రచనలే. “మహాప్రభూ, అది కేవలం వ్యాకరణ దోషం. ఆ మూఢులకు సర్వనామాలు చేతకావు.”

“ఒక్కటైతే దోషమే పంతులుగారూ. ఇంకా ఉన్నాయి,” అంటూ తిప్పన చేతులు తిప్పుతూ అందుకున్నాడు. “మునుపు ‘కోటను బూడిద చేస్తాం’ అనేవాళ్లు. పదకొండు రోజులుగా తలుపులు బద్దలు కొడతామనే అంటున్నారు. ఇల్లు తగలబెట్టేవాడికి తలుపుతో పనేంటి? తప్పంతా మంత్రుల మీదికి తోశారు. సంతలో ఎద్దు నచ్చినోడు ఎద్దును తిట్టడు మారాజా, దాని పలుపును తిడతాడు. బేరం వద్దనుకున్నోడు నోరుమూసుకుని తన దారిన పోతాడు. పళ్లరిగాయి, తోక పొట్టి అని అక్కడే నిలబడి తిట్టేవాడే కొనేవాడు! అన్నిటికీ మించి, సంత జరిగి‘తే’ అన్నారు. మూడేళ్లలో ఆ ‘తే’ వాళ్ల నోట రావడం ఇదే మొదలు!”

మహారాజు మీసం మెలిపెట్టడం ఆపాడు. “ఇది వలపన్నడమైతే?”

“ఒక రాయి వేసి చూద్దాం. మనమూ ఒక ‘గారు’ పెట్టి తిడదాం, లోపల ఒక ప్రశ్న దాచి. ప్రశ్న అర్థమైనోడు జవాబు చెబుతాడు. అర్థం కానోడు మామూలుగా తిడతాడు.”

“గారు పెట్టి తిట్టడమా!” కఠోరభట్టు చెవులు మూసుకున్నాడు. “ఏడు తరాలుగా మా వంశంలో ఆ పాపం ఎవరూ చేయలేదు!” అయినా రాజాజ్ఞ. ఆయన కళ్లనీళ్లతో తాటాకు మీద రాసి ఇచ్చాడు. కలహంసపురి కంచుగొంతు మోగింది.

“మీ వజ్రబాహు రాజుగారి మీసాలు మేకతోకలు! సంతే జరిగితే ఆ మేకను తోలుకొచ్చే మొనగాడు మీలో ఎవడు హో!”

గండశిలవాళ్లు పొద్దున తప్ప ఎన్నడూ తిట్టరు. అలాంటిది గడియ తిరక్కముందే అవతలి బంట్లు పరుగెత్తుకొచ్చి బూరనెత్తారు.

“మేకను తోలేది మేమా? దమ్ముంటే మీరే ఒక మేకను తోలుకురండి! మీలాంటి పిరికిపందలకు వంటశాల దిడ్డివాకిలి చాలు! అక్కడి కాపలాకు ఇద్దరు ముసలివాళ్లు చాలు! పొద్దుగూకితే మీ పని ఆఖరు హో!”

మహారాజు నెమ్మదిగా అన్నాడు: “దారి చెప్పారు. కాపలా చెప్పారు. గడువూ చెప్పారు.”

“మేకను తెమ్మని కూడా చెప్పారు మారాజా!” అన్నాడు తిప్పన.

అప్పుడు మెట్ల మీంచి గాజుల గలగల, దాని వెంట కత్తి ఒర గలగల వినిపించాయి. సంపెంగ రంగు మేను, తుమ్మెదల బారులాంటి జడ, కనురెప్పపాటులో మెరుపులా కదిలే చేయి... ఆమె మహారాజు ఏకైక పుత్రిక విద్యుల్లత. “నాన్నగారూ, బేరానికి తిప్పన వెళ్తాడు. తిప్పనకు తోడు నేను వెళ్తాను,” అంది. మహారాజు కాదనేలోపే ఆమె మెట్లు దిగిపోయింది. ఆమె మాట తీసేయడం మహారాజుకు ఎన్నడూ అలవాటు లేదు.

మిట్టమధ్యాహ్నం వేళ ఒక పుట్టి నదిలోకి జారింది. వెదురు అల్లి తోలు కప్పిన ఆ గుండ్రటి తెప్పలో నల్లగొంగళ్లు కప్పుకున్న గొల్ల మొగుడూ పెళ్లాలు, వాళ్ల నడుమ గడ్డం మేకపోతు.

“అమ్మగారూ, అక్కడ తమరు నన్ను ‘ఏమయ్యా’ అనాలి,” అన్నాడు తిప్పన తెడ్డు వేస్తూ.

“ఏమయ్యా,” అంది రాకుమారి.

“అట్టా సింహాసనం మీంచి కాదు. ఉప్పు తేవడం మరిచిపోయినోణ్ణి అన్నట్టు అనాలి.”

“ఏమయ్యోవ్!!”

రెల్లుపొదల్లోని కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. వాటితోపాటే ఆకాశం నుంచి మరొకటి కిందికి దూసుకొచ్చింది. కంచుముక్కు రాబందు! గండశిల మాంత్రికుడు నది మీద కాపలా పెట్టిన పక్షి. అది రెక్క విప్పితే పుట్టి మొత్తం నీడలో మునిగింది. గోళ్లతో మేకపోతును పట్టి పైకి లేపింది. మేక ప్రాణభయంతో తిప్పన తలపాగా నోట కరిచింది. తలపాగాను వదలని తిప్పనా దానితో పాటే పైకి లేచాడు! విద్యుల్లత గొంగళి విసిరికొట్టి, పుట్టి అంచు మీంచి ఎగిరి, గాలిలోనే కత్తి దూసింది. ఒక్క వేటు! రాబందు కాలు తెగింది. అది వికృతంగా అరుస్తూ కొండల వైపు పోయింది. తిప్పనా, మేకా ధబ్బుమని పుట్టిలో పడ్డారు. ఆ అదురుకు పుట్టి నడినది సుడిగుండంలో చిక్కి బొంగరమైంది. ఆకాశం, నది, గండశిల, కలహంసపురి, మళ్లీ గండశిల... పదకొండోసారి తిరిగినప్పుడు సుడిగుండం వాళ్లను ఉమ్మేసినట్టు ఒడ్డు మీదికి విసిరికొట్టింది.

కళ్లు తిరుగుతూ లేచి చూస్తే ఎదురుగా దిడ్డివాకిలి. ఇద్దరు ముసలి భటులు.

“మేకేనా?” అన్నాడొకడు.

“మేకే,” అన్నాడు తిప్పన.

“హమ్మయ్య! పొద్దున్నించీ నిలబడి కాళ్లు పీక్కుపోతున్నాయి. పదండి లోపలికి.”

గండశిల వంటశాల ఒక చిన్న ఊరంత ఉంది. నలభై పొయ్యిలు, ఏనుగు స్నానం చేయగల గంగాళాలు, దూలాలకు వేలాడే మిరపదండలు, అల్లం వాసన, నేతి వాసన. ఒక మూల పీట మీద కూర్చుని వెండిజుట్టు ముసలమ్మ బీరకాయలు చెక్కు తీస్తోంది. ఆమె చేతి కంకణానికి రాజముద్ర ఉంది. ఆమె రాజమాత భోగాంబ, వజ్రబాహుడి కన్నతల్లి.

“నా తిట్లు అర్థం చేసుకున్నోడివి నువ్వేనా నాయనా?” అంది ఆమె తిప్పనను ఎగాదిగా చూసి. “మూడు నెలలుగా చాటింపువాడికి నేనే రాసిస్తున్నాను. తిట్టీ తిట్టీ నా నోరు నొప్పెట్టింది గానీ మీ ఒడ్డున ఒక్కడికీ బుర్ర వెలగలేదు! గారు పెడదామనుకున్నాను, మరీ బయటపడిపోతామని ‘ఆయన’ దగ్గర ఆపాను.”

“నేరుగా ఒక దూతను పంపవచ్చు కదా అవ్వా?” అంది విద్యుల్లత.

భోగాంబ పెదవుల మీద వేలుంచి గోడ వైపు చూపించింది. గోడ మీద ఎర్రరాళ్ల కళ్లతో ఒక కంచుబల్లి. ఆమె గుప్పెడు పిండి నేల మీద చల్లి, వేలితో ‘సంధి’ అని రాసి, వెంటనే చెరిపేసింది.

“చదివారా? పలకొద్దు. మా మాంత్రికుడు ఊసరాక్షుడు గదిగదికీ ఇలాంటి బల్లిని పెట్టాడు. ఆ ఒక్కమాట నోట వచ్చిందా, మనిషి అదిగో అలా అయిపోతాడు.”

అటక మీద ఆరు బూడిద గుమ్మడికాయలు వరసగా ఉన్నాయి.

“ఆ పెద్దది మా మహామంత్రి. పక్కది సేనాపతి. మిగతా నలుగురూ వాళ్ల మాటకు అవునవును అన్నవాళ్లు. రోజూ తడిగుడ్డతో తుడిపిస్తున్నాను, వంటవాళ్లెవరూ పొరపాటున ముక్కలు కోయకుండా కాపలా కాస్తున్నాను. నా కొడుకు ఆ దుర్మార్గుడి మాటే వేదమంటాడు. ఆ మాంత్రికుడు ఏనుగుబండ శిఖరం మీద అగ్నిరథం సిద్ధం చేశాడమ్మా. పొద్దుగూకే వేళ దాని ముందు ఏడు కాయలు దిష్టి తీసి పగలగొడితే రథానికి ప్రాణం వస్తుంది. గాలిలో నది దాటి మీ ఊరిని కాల్చేస్తుంది. ఆ తర్వాత వాడి కన్ను మా సింహాసనం మీదే! ఏడో కాయ దొరక్క నెలరోజులుగా ఆగాడు, ఇప్పుడు ఊళ్లో ఎవరూ ఆ మాట అనడం లేదు. ఇవాళ మాత్రం ఎవరినైనా హింసించి పలికిస్తానని ప్రమాణం చేశాడు.”

“విరుగుడు లేదా?” అంది విద్యుల్లత.

“ధవళానది నీటి మీద వాడి మాయ చెల్లదు. కాయ నీళ్లలో పడితే మనిషి. కానీ నది దాకా మోసుకుపోనిచ్చేదెవరు? ముందు బేరం తెగితే నా కొడుకును నేను నిలదీస్తాను. కానీ ఆ మాట అనకుండా బేరమెట్లా?”

తిప్పన ముఖం చింకి చాటంత అయింది. “అమ్మా, సంతలో మేం నోటితో బేరమాడతామా?” అంటూ తలపాగా విప్పి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. దళారులు పక్కవాడికి తెలియకుండా గుడ్డకింద వేళ్లు పట్టుకుని, అరచేతిలో వేలితో రాసి బేరం తేలుస్తారు. భోగాంబ కళ్లు మెరిశాయి. ఆమె పుట్టిల్లు వేయి ఆవుల మంద ఉన్న ఇల్లు.

పైకి మాత్రం మేక బేరం.

“పళ్లు చూడమ్మా, ముత్యాలు!” అన్నాడు తిప్పన. గుడ్డకింద చూపుడువేలు పట్టుకున్నాడు: బాణాలు ఆపాలి.

“ముసలిమేక,” అంది భోగాంబ. వేలు నొక్కింది: సరే.

“గడ్డం చూడు, మునీశ్వరుడి గడ్డం!” రెండో వేలు: బందీలను ఇరువైపులా వదలాలి.

“పేలు ఉంటాయి.” సరే.

“పాలివ్వదు గానీ పౌరుషం ఉంది!” మూడో వేలు: ఇసుకతిన్నె ఇద్దరిదీ, ఎద్దులు రెండూ ఒకేసారి నీళ్లు తాగాలి.

ఇక్కడ భోగాంబ వేలు నొక్కలేదు. అతడి బొటనవేలిని ఒడిసిపట్టి వెనక్కి విరిచింది. తిప్పన కెవ్వుమన్నాడు. అర్థమైంది: అన్నీ సరే, ముందు నోరు విప్పేదెవరు? ముందు అడిగినవాడు ఓడినట్టే కదా!

తిప్పన రెండు బొటనవేళ్లనూ పక్కపక్కన చేర్చి ఒకేసారి పైకెత్తాడు. పొద్దుగూకే వేళ రెండు కంచుగొంతులూ ఒక్కమారే మోగాలి. ముందూ లేదు, వెనకా లేదు.

ముసలమ్మ అతడి చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మేకను ఉంచి పో అబ్బీ,” అంది. “నా పెద్దకొడుకు ఉండి ఉంటే ఇవాళ సంతోషించేవాడు. తొలి ఏడాది యుద్ధంలోనే పోయాడు.”

ఇంతసేపూ ఊపిరి బిగబట్టి చూస్తున్న విద్యుల్లత ఆనందంతో చప్పట్లు చరిచింది. “అబ్బ! ఇన్నాళ్లకు సంధి...”

కంచుబల్లి టిక్కుమంది.

రాకుమారి నిలబడిన చోట ఒక బూడిద గుమ్మడికాయ గిర్రున తిరిగి ఆగింది. దాని నుదుట కుంకుమబొట్టు ఉంది.

తిప్పన వంగి దాన్ని అందుకోబోయేలోపే గుమ్మంలో ఒక నవ్వు వినిపించింది. తోటలోంచి ఆకుపచ్చగా వచ్చిన మనిషి గడప దాటుతూనే పొగరంగులోకి మారాడు. అతడి కళ్లు రెండూ రెండు దిక్కులు చూస్తున్నాయి. ఊసరాక్షుడు!

“ఏడోది! దానంతటదే దొరికింది!” అని ఆ కాయను చంకనెత్తుకున్నాడు. ఒక కన్ను మేక మీద, మరొకటి తిప్పన మీద వాలింది. “ఎవడ్రా నువ్వు?”

“మేకలు అమ్ముకునేవోణ్ణి సామీ.”

“గుమ్మం బయటి నుంచి ఒక పడుచు గొంతు విన్నాను. నీ పెళ్లాం ఏది?”

“ఉప్పు కోసం పోయింది సామీ,” అన్నాడు తిప్పన ఏడుపు దిగమింగి.

మాంత్రికుడు చిటిక వేశాడు. అటక మీది ఆరు కాయలూ దొర్లుకుంటూ అతడి వెంట పోయాయి. బయట నల్లదున్నలు కట్టిన బండి కదిలిన చప్పుడు.

“మీ రాజు దగ్గరికి పరుగెత్తు!” అంది భోగాంబ. “బేరం సంగతి ఆయనకు తెలియకపోతే అంతా వృథా!”

“నేను బండి వెంట పోతానమ్మా. రాజుకు మాట మీరు చేర్చండి.”

“ఎట్లా?”

“వచ్చిన విద్యే కదా. తిట్టండి!”

“విని అర్థం చెప్పేవాడివి నువ్వు ఇక్కడున్నావు కదరా! మీ రాజుకు తెలుస్తుందా?”

తిప్పన అప్పటికే దిడ్డివాకిలి దాటాడు.

ఏనుగుబండ మీదికి వెళ్లే దారి ఒక పక్క కొండ, మరో పక్క నిలువులోయ. లోయ అడుగున ధవళానది సాయంకాలపు ఎండలో కరిగిన బంగారంలా మెలికలు తిరుగుతోంది. అడ్డదారిన తుప్పల్లోంచి పడుతూ లేస్తూ వచ్చిన తిప్పన, మలుపులో బండి నెమ్మదించగానే దాని కిందికి దూరి ఇరుసును కావలించుకున్నాడు. వీపు రాళ్లకు గీసుకుపోతోంది. పైన ఏడు కాయలు దొర్లుతున్నాయి.

దూరంగా గండశిల కంచుగొంతు మోగింది.

“కలహంసపురి రాజుగారూ! ఎద్దులా తాగుతారట, మా ఎద్దు పక్కనే నిలబడి తాగగలరా? పొద్దుగూకే క్షణాన గొంతెత్తండి! మేమూ ఎత్తుతాం! ఎవరి గొంతు ముందు ఆగుతుందో చూద్దాం హో!”

తిప్పన చెవులు రిక్కించాడు. చక్రాల కిరకిర తప్ప ఇంకేమీ లేదు. ఒక మలుపు. రెండో మలుపు. ‘కఠోరభట్టు పక్కన ఉండి వ్యాకరణం చెబుతున్నాడో ఏమో! దేవుడా, మా రాజు బుర్ర వెలిగించు!’ అని కళ్లు మూసుకున్నాడు.

మూడో మలుపులో అవతలి ఒడ్డు నుంచి జవాబు వచ్చింది. అది చాటింపువాడి గొంతు కాదు. సాక్షాత్తూ ధీరసింహ మహారాజుదే.

“ఎత్తుతాం! ఒకేసారి ఎత్తుతాం! మీ ప్రభువు పంది! ఆ పందిగారికి మా నమస్కారాలు చెప్పండి! భోంచేశారా అని అడిగామనండి హో!”

ఇరుసు కింద వేలాడుతూనే తిప్పన కిలకిలా నవ్వేశాడు. నవ్వుతూనే నాలుక కరుచుకున్నాడు. బండి ఆగలేదు గానీ పైన పలక కిర్రుమంది. ఊసరాక్షుడు కిందికి వంగుతున్నాడు!

ఇక ఆలోచనకు సమయం లేదు. తిప్పన చేయి చాచి, లోయ వైపు చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే ఇనుప సీలను పట్టుకున్నాడు. లాగాడు. రాలేదు. పళ్లతో పట్టి, రెండు కాళ్లూ బండి అడుగుకు తన్నిపెట్టి లాగాడు. సీల ఊడింది. చక్రం తన దారిన తాను దొర్లుకుంటూ లోయలోకి దూకింది. బండి ఒరిగింది. దున్నలు కాడి తెంచుకుని పారిపోయాయి. ఏడు గుమ్మడికాయలూ, వాటి వెంట తిప్పనా ఆకాశంలోకి ఎగిరారు.

ఒకటి, రెండు, మూడు... కింద నీళ్లు చిందిన చోటల్లా ఒక్కో మనిషి బుడుంగుమని పైకి తేలుతున్నాడు. “నా తలపాగా ఏది?” అని మహామంత్రి, “ఎవడ్రా నన్ను తోసింది?” అని సేనాపతి అరుస్తున్నారు. ఆరు కాయలు పడ్డాయి. ఏడోది, బొట్టున్నది, తిప్పనకు జానెడు దూరంలో గిరగిరా తిరుగుతూ పడిపోతోంది. ఇంకో పది బారలు దిగితే నది. ఇంకో పది బారలే.

అప్పుడు, బండి ఒరగగానే కొండ అంచు మీదికి దూకి నిలిచిన ఊసరాక్షుడు నోరు తెరిచాడు. ఎర్రటి నాలుక తాడులా, మెరుపులా, బారలు బారలుగా సాగి వచ్చి గుమ్మడికాయకు చప్పున అతుక్కుంది, దాన్ని పైకి లాక్కోసాగింది.

తిప్పన గాల్లోనే పక్కకు దొర్లి, ఆ జిగట నాలుకను రెండు చేతులా ఒడిసిపట్టి, పళ్లు దిగేలా కొరికాడు. నాలుక పట్టు వదిలింది; కాయ నీళ్లలో పడగానే విద్యుల్లత పైకి తేలింది, అదే క్షణాన రెండు కంచుగొంతులూ ఒక్కమారే మోగాయి.